తిరుపతి ట్రాఫిక్‌లో సైకిల్ ఎవరి కంటికి ఆనుతుంది?

క్లుప్తంగా: సైకిల్ భద్రత ప్రధానంగా సెకన్ల లెక్క. వెనక నుంచి వచ్చే డ్రైవరు ఎంత ముందుగా సైకిల్‌ను గుర్తిస్తే, వేగం తగ్గించడానికి, పక్కకు తప్పుకోవడానికి అంత సమయం దొరుకుతుంది. రాత్రి వెనక ఎర్ర లైటు, కాళ్ల దగ్గర వెలుతురును తిప్పికొట్టే రేడియం పట్టీ. పగలు కొట్టొచ్చినట్టు కనిపించే ఫ్లోరోసెంట్ రంగు. ఎప్పుడైనా ఎడమవైపు తిన్నని గీతలో ప్రయాణం. వీటివల్ల ఆ సమయం పెరుగుతుంది. అయితే వాహనాల వేగం, వీధి దీపాలు, మలుపుల తీరు సైకిలిస్టు చేతిలో లేవు.

తిరుపతిలో సైకిల్ తొక్కేవాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. తెల్లవారుజామున హెల్మెట్ పెట్టుకుని, గేర్ల సైకిళ్ల మీద అలిపిరి, జూ పార్కు రోడ్డు వైపు వ్యాయామానికి వెళ్లేవాళ్లు ఒక రకం. పాల క్యాన్లు, పేపరు కట్టలు, పూలబుట్టలు క్యారియరుకు కట్టుకుని పనికి పోయేవాళ్లు, హోటల్లో పని ముగించుకుని రాత్రి పదకొండు దాటాక అవిలాల, పేరూరు, తిరుచానూరు వైపు ఇంటికి చేరేవాళ్లు, రేణిగుంట, కరకంబాడి వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లు రెండో రకం. భద్రత మీద జరిగే చర్చంతా మొదటి రకం వాళ్ల చుట్టూ తిరుగుతుంది. చీకట్లో, లైటు లేని పాత సైకిల్ మీద, వాహనాల వేగం పెరిగే వేళల్లో రోడ్డు మీద ఉండేది మాత్రం రెండో రకం వాళ్లే. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది.

ఈ విషయంలో జనంలో ఉన్న సందేహాలు కూడా తక్కువేమీ కాదు. రేడియం జాకెట్ వేసుకుంటే సరిపోతుందా, లైటు కూడా కావాలా? ఎదురొచ్చే బండి కనపడేలా రోడ్డుకు కుడిపక్కన తొక్కితే మేలు కదా? తెల్లచొక్కా ఉంటే చాలదా? వీటన్నిటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. డ్రైవరుకు ఎన్ని సెకన్లు మిగులుతున్నాయో లెక్క వేయాలి.

40కీ 60కీ మధ్య తేడా

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 11 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపే కారు 17 మీటర్లు పోతుంది. పొడిరోడ్డు మీద బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 9 మీటర్లు. మొత్తం 26 మీటర్లు.

వేగం 60 అయితే సెకనుకు 17 మీటర్లు. తేరుకునేలోపు 25 మీటర్లు, ఆగడానికి 20 మీటర్లు, మొత్తం 45. వేగం సగం పెరిగితే బ్రేకు దూరం రెట్టింపు దాటింది. ఢీకొట్టే శక్తి కూడా వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి దెబ్బ కూడా అలాగే పెరుగుతుంది. లోడు లారీకి, తడిరోడ్డుకు, అరిగిన టైర్లకు ఈ దూరాలు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు రెండో అంకె చూడాలి. డిమ్‌లో ఉన్న హెడ్‌లైట్ల వెలుతురులో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి డ్రైవరు కంటికి ఆనేది సుమారు 25–30 మీటర్ల దూరంలో. 40 వేగంతో వస్తున్న వాహనానికి ఇది అంతంతమాత్రం. 60తో వచ్చేదానికి చాలదు. సైకిల్ కూడా ముందుకు కదులుతూ ఉంటుంది కాబట్టి డ్రైవరు పూర్తిగా ఆగనక్కర్లేదు, సైకిల్ వేగానికి తగ్గినా, పక్కకు తప్పుకున్నా చాలు. కానీ పక్కన ఇంకో వాహనం ఉంటే తప్పుకునే చోటు ఉండదు. అదే సైకిలిస్టు ఒంటిమీద వెలుతురును తిప్పికొట్టే పట్టీ ఉంటే వంద మీటర్ల అవతల నుంచే గుర్తుపట్టవచ్చు. 60 వేగంలో కూడా ఆరు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. కొన్ని రూపాయల పట్టీ చేసే పని ఇంత.

చూస్తారు, కానీ గుర్తించరు

ప్రమాదం జరిగాక చాలామంది డ్రైవర్లు చెప్పే మాట "చూసుకోలేదు" అని. అన్నిసార్లూ అది తప్పించుకోవడానికి చెప్పేది కాదు. రోడ్డు మలుపులో డ్రైవరు కళ్లు ఒక్క క్షణంలో అటూ ఇటూ తిరిగేటప్పుడు, చూపు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే మధ్యలో మెదడు దాదాపు ఏమీ నమోదు చేసుకోదు. ఆ మధ్యలో సైకిల్ ఉంటే అది జారిపోతుంది. పైగా డ్రైవరు వెతికేది తనకు ప్రమాదం కలిగించే వాటిని: బస్సు, లారీ, వేగంగా వచ్చే కారు. సన్నగా, నెమ్మదిగా వచ్చేదాని మీద చూపు నిలవదు.

కారు ముందరి అద్దానికి రెండు పక్కలా ఉండే కమ్మీలు ఇంకో సమస్య. కారు, సైకిల్ రెండూ ఒకే కూడలి వైపు సమానంగా దగ్గరవుతుంటే, సైకిల్ ఆ కమ్మీ వెనకే సెకన్ల తరబడి ఉండిపోగలదు. డ్రైవరు తల కాస్త ముందుకు వంచి చూస్తే తప్ప కనపడదు.

2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త మోటారు సైకిళ్లు, స్కూటర్లకు ఇంజను నడుస్తున్నంతసేపు హెడ్‌లైటు వెలిగే ఉంటుంది. ద్విచక్ర వాహనాలు పగలు కూడా కనపడాలని తెచ్చిన నిబంధన అది, మంచిదే. అయితే దాని పక్కఫలితం ఒకటి ఉంది. అద్దంలో గాని, ఎదురుగా గాని రెండు చక్రాల బండి అంటే వెలిగే లైటు అని డ్రైవర్ల కంటికి అలవాటైపోయింది. లైటు లేకుండా వచ్చేది సైకిల్ ఒక్కటే మిగిలింది. మోటారు బండ్లు నిండిన రోడ్డులో లైటు లేని సైకిల్ మునుపటి కంటే ఇప్పుడు ఇంకా మరుగున పడుతోందని అనుకోవడానికి కారణం ఉంది.

రేడియం, ఫ్లోరోసెంట్, లైటు: ఏ పని దేనిది

ఎక్కువ గందరగోళం ఇక్కడే. మూడూ ఒకటే అనుకుని ఒకటి ఉంటే చాలనుకుంటారు.

బండ్ల నంబరు ప్లేట్లు చేసే షాపుల్లో దొరికే రేడియం పట్టీలో సన్నని గాజుపూసలో, చిన్న చిన్న పట్టకాలో ఉంటాయి. ఏ దిక్కు నుంచి వెలుతురు పడితే ఆ దిక్కుకే తిప్పి పంపడం వాటి పని. అందుకే హెడ్‌లైటు వెనక కూర్చున్న డ్రైవరు కంటికి అది ధగధగ మెరుస్తుంది, పక్కన నిలబడ్డ మనిషికి మామూలుగా కనపడుతుంది. దానంతట అది వెలగదు. హెడ్‌లైటు సూటిగా పడకపోతే రేడియం ఉన్నా లేనట్టే. పక్క సందులో నుంచి మెయిన్ రోడ్డు మీదికి వస్తున్న ఆటో హెడ్‌లైటు సైకిలిస్టు మీద పడేసరికి ఆటో రోడ్డు మీదికి వచ్చేసి ఉంటుంది. మట్టి పట్టినా దాని మెరుపు బాగా తగ్గిపోతుంది.

ఫ్లోరోసెంట్ రంగులు, అంటే రోడ్డు పనివాళ్ల జాకెట్లలో కనిపించే నిమ్మపండు పసుపు, నారింజ, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కనపడే వెలుతురుగా బయటికి పంపుతాయి. మబ్బు పట్టిన పగలు, పొద్దు వాలే వేళ వీటి బలం ఎక్కువ. సూర్యుడు పోయాక ఆ బలం పోతుంది. రాత్రి వీధి దీపాల కింద ఆ జాకెట్ మామూలు లేతరంగు బట్టే. చాలా జాకెట్లలో ఫ్లోరోసెంట్ బట్ట మీద రేడియం పట్టీ కుట్టి ఉండటానికి కారణం ఇదే: ఒకటి పగటికి, ఒకటి రాత్రికి.

లైటు ఎవరి హెడ్‌లైటు మీదా ఆధారపడదు. పక్క సందులో ఉన్నవాడికి, లైటు సరిగా లేని ఆటోవాడికి, రోడ్డు దాటుతున్న పాదచారికి కూడా కనపడుతుంది. ముందు తెల్లది, వెనక ఎర్రది అన్న రంగుల తేడా వల్ల సైకిల్ ఎటు పోతోందో కూడా తెలుస్తుంది. వెనక లైటు మిణుకుమంటూ ఉంటే త్వరగా దృష్టిలో పడుతుంది, కానీ అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం కష్టం. నిలకడగా వెలిగే లైటుతో దూరం బాగా తెలుస్తుంది. రెండు వీలైతే ఒకటి మిణుకుతూ, ఒకటి నిలకడగా పెట్టుకోవడం మంచి పద్ధతి. ముందు లైటును కాస్త కిందికి వంచి బిగించాలి. ఎదుటివాడి కళ్లలోకి కొట్టే లైటు సైకిలిస్టుకు కూడా చేటే.

పాత సైకిళ్లకు డైనమో ఉండేది, సైకిల్ ఆగితే లైటూ ఆగేది. ఇప్పుడు సెల్‌ఫోన్ చార్జర్‌తోనే చార్జి చేసుకునే చిన్న ఎల్ఈడీ లైట్లు కొన్ని వందల రూపాయల్లో వస్తున్నాయి. ఒక్కటే కొనగలిగితే వెనక లైటు కొనాలి. ముందు నుంచి వచ్చేదాన్ని సైకిలిస్టు తానే చూసుకోగలడు, వెనక నుంచి వచ్చేదాన్ని చూడలేడు.

రేడియం ఎక్కడ అంటించాలన్నది కూడా ముఖ్యమే. పెడల్ మీద, చీలమండ మీద కట్టిన పట్టీ కాలుతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ కదలికను చూడగానే మెదడు మనిషి అని పోల్చుకుంటుంది. వీపు మీద కదలకుండా ఉండే పట్టీ రోడ్డు పక్కన గుర్తుగా పాతిన రాయిలాగా కూడా అనిపించవచ్చు. రాత్రి వేళ కీళ్ల దగ్గర పట్టీలు కట్టుకున్న మనిషిని డ్రైవర్లు ఎక్కువ దూరం నుంచి గుర్తుపడుతున్నారని పరిశోధనలు పదే పదే తేల్చాయి. పాత ప్యాంటు అంచుకు కుట్టుకునే ఒక పట్టీ ఖరీదైన జాకెట్‌తో సమానంగా పనిచేసే సందర్భం ఇది.

డెన్మార్క్‌లో తేలిన అంకెలు

డెన్మార్క్‌లోని ఒడెన్సే నగరంలో 2004–05లో దాదాపు 3,850 మంది సైకిలిస్టులతో ఒక ప్రయోగం జరిగింది. కొందరి సైకిళ్లకు పగలూ రాత్రీ వెలిగే లైట్లు బిగించారు, మిగతావాళ్లు మామూలుగా తిరిగారు. లైట్లు ఉన్నవాళ్లలో గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. తర్వాత అదే దేశంలో 6,793 మందితో ఇంకో అధ్యయనం జరిగింది. అందులో ఒక వర్గానికి ఫ్లోరోసెంట్ పసుపు జాకెట్లు ఇచ్చారు. ఆ వర్గంలో గాయాల ప్రమాదాలు 47 శాతం తక్కువ. జాకెట్ వేసుకున్నవాళ్లు చిన్న ప్రమాదాలను తక్కువగా చెప్పి ఉంటారన్న అనుమానాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా తగ్గుదల 38 శాతం దాకా నిలిచింది.

ఈ అంకెలను యథాతథంగా తిరుపతికి తెచ్చి అంటించలేం. అక్కడ సైకిల్ దారులు వేరుగా ఉంటాయి, డ్రైవర్లకు సైకిల్ అలవాటు. బ్రిటన్‌లో చేసిన ఒక పరిశీలనలో సైకిలిస్టు ఏ బట్టలు వేసుకున్నా, ఓవర్‌టేక్ చేసేటప్పుడు డ్రైవర్లు వదిలే ఎడం పెద్దగా మారలేదు. అంటే ఫ్లోరోసెంట్ రంగు వల్ల డ్రైవరుకు సైకిల్ ముందుగా కనపడుతుంది. కనపడ్డాక చోటు ఇవ్వాలా వద్దా అన్నది డ్రైవరు నడవడిక. రెండూ వేర్వేరు సమస్యలు, మొదటిదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు.

ఇక్కడి ఎండ, వాన, స్తంభాలు

తిరుపతికి ఉత్తరాన కొండ. అందువల్ల ఊరి ప్రధాన రాకపోకలు చాలావరకు తూర్పు పడమరలుగా సాగుతాయి. రేణిగుంట తూర్పున, చంద్రగిరి పడమట. పొద్దున ఏడు ప్రాంతంలో రేణిగుంట వైపు వెళ్లేవాళ్లందరికీ, సాయంత్రం చంద్రగిరి వైపు వెళ్లేవాళ్లందరికీ ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. సరిగ్గా షిఫ్టుల వేళ, బడుల వేళ అది. దుమ్ము పట్టిన అద్దం మీద వాలుటెండ పడితే డ్రైవరుకు ముందున్న సైకిల్ ఒక నల్లటి నీడగా కూడా మిగలదు. దీనికి తేలికైన కొండగుర్తు ఉంది. సైకిలిస్టు నీడ ఎటు పడుతోందో, అటు నుంచి వచ్చే డ్రైవరు కళ్లలో ఎండ ఉన్నట్టు. పొద్దున రేణిగుంట వైపు వెళ్తుంటే నీడ వెనక్కి పడుతుంది, అంటే వెనక వచ్చేవాళ్లకు చూపు ఆనడం లేదు. అలాంటి వేళ పగలే అయినా వెనక లైటు వేసుకోవడం వృథా కాదు.

2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వల్ల పైన వాహనాలు సాఫీగా పోతున్నాయి. కింద దారిలో పరిస్థితి వేరు. ఫ్లైఓవర్ స్తంభాల చాటు నుంచి అడ్డంగా వచ్చే సైకిల్ చివరి క్షణం దాకా కనపడదు. మండుటెండలోంచి వంతెన నీడలోకి వచ్చిన డ్రైవరు కన్ను సర్దుకోవడానికి కొద్ది క్షణాలు పడుతుంది. వంతెన దిగే చోట వాహనాలు పై వేగంతోనే వచ్చి కింది ట్రాఫిక్‌లో కలుస్తాయి. ఇక్కడ స్తంభం పక్కన ఒక్క క్షణం ఆగి చూసి దాటడం తప్ప ఏ జాకెట్టూ సాయపడదు.

ఈ ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలు ఊరు మరచిపోలేదు. ఆ నెలల్లోనే పొద్దు కూడా త్వరగా గూకుతుంది. తడి రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. నీళ్లు నిలిచిన చోట గుంత కనపడక సైకిలిస్టు ఒక్కసారిగా పక్కకు కోస్తాడు, అదే సమయానికి వెనకవాడి అద్దం మీద వాన. ఒక చేత్తో గొడుగు పట్టుకుని తొక్కేవాళ్లకు బ్రేకు సగమే అందుతుంది. నల్ల రెయిన్‌కోటు బదులు పసుపుది కొనడం అదనపు ఖర్చు లేకుండా అయ్యే మార్పు.

యాత్రాస్థలం కావడం వల్ల ఇంకొకటి. రోడ్డు మీదున్న వాహనాల్లో పెద్ద భాగం ఈ ఊరివి కావు. చెన్నై, బెంగళూరు వైపుల నుంచి రాత్రంతా నడిపి తెల్లారేసరికి చేరే డ్రైవర్లు నిద్రమత్తులో ఉంటారు. ఒక కన్ను బోర్డుల మీద, ఒక కన్ను ఫోన్ మ్యాపు మీద. పాలవాళ్లు, పేపరువాళ్లు రోడ్డెక్కేదీ ఆ వేళే. బ్రహ్మోత్సవాల రోజుల్లో, తమిళుల పురటాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) ఇది ఇంకా ఎక్కువ.

కుడిపక్కన తొక్కితే?

ఎదురొచ్చేది కనపడుతుంది కాబట్టి రాంగ్ రూట్ మేలు అన్న నమ్మకం బలంగా ఉంది. లెక్క వేస్తే అది నిలవదు. కారు 40, సైకిల్ 15 వేగంతో ఒకే దిక్కుకు పోతుంటే రెండింటి మధ్య దూరం గంటకు 25 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుంది. 50 మీటర్ల దూరం ఉంటే 7 సెకన్లు దొరుకుతాయి. ఎదురెదురుగా వస్తే 55 చొప్పున తగ్గుతుంది, దొరికేది 3 సెకన్లు. ఒకే దిక్కులో ఉంటే డ్రైవరు నెమ్మదించి వెనకే రాగలడు. ఎదురుగా వస్తే నెమ్మదించినా సరిపోదు, ఎవరో ఒకరు పక్కకు తప్పుకోవాల్సిందే. పక్క సందుల్లోంచి ఎడమకు తిరిగే డ్రైవర్లు చూసేది కుడివైపు. ఎడమ నుంచి సైకిల్ వస్తుందని వాళ్లు అనుకోరు.

ఎడమవైపు తొక్కడమంటే రోడ్డు అంచును పట్టుకుని వేలాడటం కాదు. అంచున ఇసుక, కాలువ మూతలు, ఆగిన కార్ల తలుపులు ఉంటాయి. అంచుకు అర మీటరు నుంచి మీటరు దాకా ఎడం ఉంచి, తిన్నగా పోతే వెనకవాడికి అంచనా దొరుకుతుంది. ఆగిన రెండు ఆటోల మధ్య సందులోకి దూరి, మళ్లీ బయటికి రావడం ప్రమాదకరం, ఎందుకంటే దూరినంతసేపూ సైకిల్ వెనకవాడి లెక్కలోంచి తప్పుకుంటుంది. పక్కకు జరగాలంటే ముందు వెనక్కి చూడాలి, తర్వాత చెయ్యి చాపాలి, ఆ తర్వాత జరగాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే వెనక వచ్చే లారీ చప్పుడు కూడా పోతుంది.

లారీలు, బస్సులు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. లీలామహల్ సర్కిల్ లాంటి కూడళ్లలో సిగ్నల్ దగ్గర లారీకి ఎడమపక్క ఖాళీగా కనిపించే చోటు సైకిలిస్టుకు అన్నిటికంటే ప్రమాదకరమైనది. అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనపడకపోతే, మనం అతనికి కనపడటం లేదు. లారీ వెనకే ఆగితే పోయేది అర నిమిషం.

హెల్మెట్, చట్టం

సైకిలిస్టుకు హెల్మెట్ మన దేశంలో చట్టప్రకారం తప్పనిసరి కాదు. 64,000 మందికి పైగా గాయపడిన సైకిలిస్టుల వివరాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం 69 శాతం తక్కువని తేలింది. పెట్టుకోవడం మంచిదే. కానీ అది దెబ్బ తగిలాక కాపాడేది. దెబ్బ తగలకుండా చూసే లైటు స్థానాన్ని అది తీసుకోలేదు.

సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లో ఉత్తర్వు తెచ్చింది. కొత్త సైకిళ్లకు అది వర్తిస్తుంది, ఊళ్లో తిరిగే పాత సైకిళ్లలో చాలావాటికి మడ్‌గార్డు మీద పగిలిన ఎర్రబిళ్ల తప్ప ఏమీ ఉండదు. ప్రమాదం జరిగితే మోటారు వాహనం థర్డ్ పార్టీ బీమా నుంచి సైకిలిస్టుకు పరిహారం కోరే హక్కు ఉంది. రాత్రి లైటు లేకుండా తొక్కారన్న కారణం చూపి పరిహారం తగ్గించాలని బీమా కంపెనీ వాదించవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు.

సైకిలిస్టు చేతిలో లేనివి

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిలిస్టులు సుమారు మూడు శాతం. శాతం చిన్నదిగా కనపడుతుంది. కానీ సైకిల్ తొక్కేవాళ్లే తగ్గిపోతుంటే అది భద్రతకు గుర్తు కాదు. భయంతో సైకిల్ వదిలి స్కూటర్ కొన్నవాళ్లు ఈ లెక్కలో కనపడరు. 'బడికొస్తా' పథకం కింద ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్లు బడిదాకా వెళ్లాలా, ఇంటి వెనక తుప్పు పట్టాలా అన్నది కూడా రోడ్డు మీద తల్లిదండ్రులకు ఎంత నమ్మకం ఉందన్నదాన్ని బట్టే తేలింది.

డ్రైవర్లు చేయాల్సింది కొత్తదేమీ కాదు. ఎదురు వాహనం వచ్చినప్పుడు హై బీమ్ దించకపోతే, ఆ కాంతి వెల్లువలో మధ్యనున్న సైకిల్ మాయమైపోతుంది. కరకంబాడి రోడ్డు లాంటి చోట్ల రాత్రి ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 2017 డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిలిస్టుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోవడం డ్రైవరు బాధ్యత అని చెబుతున్నాయి.

స్మార్ట్ సిటీ పథకానికి తిరుపతి 2016లోనే ఎంపికైంది. సైకిల్ దారులు ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉన్న వీధుల్లో అన్నిచోట్లా వేరే దారి వేయడం కుదరకపోవచ్చు. కూడళ్లకు ముందు 20 మీటర్ల మేర పార్కింగ్ లేకుండా చేయడం, సిగ్నల్ దగ్గర ఆగకుండా ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్ మలుపులను ఇరుకు చేసి వాహనాలు నెమ్మదించేలా చేయడం, ఫ్లైఓవర్ కింద దీపాలు ఆరకుండా చూడటం మాత్రం తక్కువ ఖర్చుతో కుదిరే పనులు. షిఫ్టులు నడిపే ఫ్యాక్టరీలు, రాత్రి పదకొండు దాకా పని చేయించుకునే హోటళ్లు, తమ దగ్గరికి సైకిల్ మీద వచ్చేవాళ్లకు తలా ఒక వెనక లైటు, రెండు కాలిపట్టీలు ఇస్తే యజమానికి అయ్యేది ఆ కార్మికుడి ఒక రోజు కూలి కంటే తక్కువే.